తీసినవాళ్లే మూయాలి

మా సిస్టరమ్మ పోయిన కబురు ఆమె కూతురు ఫోన్లో చెప్పింది. ఆదివారమైనా, పరీక్షలు దగ్గర పడ్డాయని అప్పుడు నేను నర్సింగ్ స్కూల్లో మధ్యాహ్నం క్లాసు తీసుకుంటున్నాను. "అక్కా, అమ్మ పోయింది" అంది. నేను నోరు తెరిచేలోపే, "ఇల్లంతా తీసి ఉందక్కా" అంది.

దొంగలు పడ్డారేమో అనుకున్నాను. కాదట. ఆదివారం ఆరాధనకు రాలేదేమని చర్చి ఆడవాళ్లు పేట్ బషీరాబాద్‌లో ఆమె ఇంటికి వెళ్లి చూస్తే వీధి తలుపు బార్లా తీసి ఉందట. లోపల గోడ అల్మరాలు, ట్రంకు పెట్టె, కుట్టుమిషన్ సొరుగు, వంటింట్లో పప్పుల డబ్బాలు, ఊరగాయ జాడీ, ఆఖరికి కళ్లజోడు పెట్టె కూడా నోరు తెరుచుకుని ఉన్నాయట. ఒక్క వస్తువూ పోలేదు. సిస్టరమ్మ మాత్రం పడకగదిలో మంచం మీద దిండుకు ఆనుకుని, ఎవరితోనో మాట్లాడుతూ మధ్యలో ఆపినట్టు కూర్చుని ఉందట. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు.

"పక్కింటామె పొద్దున్నే అమ్మ గొంతు విన్నదట అక్కా. 'వచ్చావా?' అని అడిగిందట. నేను ఊరి నుంచి వచ్చాననుకుని ఆమె తన పనిలో తను పడిపోయింది. నేను రాలేదు కదా. మరి అమ్మ ఎవరిని అడిగింది? భయపడి ఇల్లంతా తిరిగిందా? నేను వచ్చాననుకుని తలుపు తీసిందా?"

ఆ పిల్ల నిజామాబాద్‌లో బడిపంతులమ్మ. సెలవొస్తే చాలు తల్లి దగ్గర వాలేది. తల్లి చావు కన్నా ఈ ప్రశ్న దానికి పెద్ద బరువైపోయింది. సమాధి దగ్గర కూడా నా చెయ్యి పట్టుకుని అదే అడిగింది. అమ్మ ఒక్కతే భయపడుతూ పోయిందా అన్నది తేలకపోతే ఆ పిల్ల ఆ ఇంట్లో ఇంకెప్పుడూ కంటినిండా నిద్రపోగలదనిపించలేదు. నాకు తెలిసినది సగం. సిస్టరమ్మ అన్నీ ఎందుకు తీసిందో నాకు తెలుసు. ఎవరి కోసం తీసిందో ఆ రోజుకి తెలియదు.

తొంభైల చివర్లో, మా నర్సింగ్ కోర్సు ఆఖర్న, ఇంటర్న్‌షిప్‌కి నన్ను మేడ్చల్ దారిలో ఒక ఆసుపత్రిలో ప్రసూతి విభాగంలో వేశారు. ఆ ఆసుపత్రి ఇప్పుడు అక్కడ లేదు కాబట్టి పేరుతో పనిలేదు. మాది శామీర్‌పేట దగ్గర పల్లె. మా నాయిన జీడిమెట్లలో మందుల కంపెనీలో చేసేవాడు. చుట్టు తిరుగుడైనా స్కూటర్ మీద నన్ను దింపి, "సక్కగ పని నేర్సుకో బిడ్డా" అని రోజూ అదే మాట చెప్పి పోయేవాడు. నేనైతే ఆపరేషన్ థియేటర్‌లో వేయలేదని మూతి ముడుచుకునే ఉండేదాన్ని.

ఆ వార్డుకి పెద్ద నర్సు సిస్టరమ్మ. పొడుగు మనిషి. గంజి పెట్టిన తెల్లచీర గరగరలాడుతూ ఆమె కన్నా ముందు గదిలోకి వచ్చేది. బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం. గుంటూరు వైపు నుంచి పెళ్లై వచ్చింది. భర్త చిన్న వయసులోనే పోతే, చంకలో పిల్లతో ఇక్కడే ఉండిపోయింది. ఎన్నేళ్లున్నా వాళ్ల యాస వదల్లేదు గానీ మధ్యమధ్యలో మా మాటలు దొర్లేవి. "జల్దీ కానీయండి మరి" అనేది. ఆ జల్దీకి మరి అనే తోకేమిటని మేం వెనకాల నవ్వుకునేవాళ్లం. గర్భిణిని ముట్టుకునే ముందు రెండు చేతులూ టీ గ్లాసు చుట్టూ పెట్టి వెచ్చబరుచుకునేది. చల్లటి చేత్తో పొట్ట తాకితే లోపలి బిడ్డ ఉలిక్కిపడుతుందట. ఆ టీ తాగేది కాదు. చల్లారాక ఆయమ్మకి ఇచ్చేది, ఆయమ్మ గొణుక్కుంటూ తాగేది.

నేను చూసిన మొదటి కాన్పు మధ్యాహ్నం పూట. నొప్పులు మొదలై ఎంతకూ ముందుకు సాగడం లేదు. సిస్టరమ్మ డాక్టరమ్మకు కబురు పంపింది, సెలైన్ పెట్టింది, కొయ్య గొట్టం పొట్టకు ఆనించి బిడ్డ గుండె చప్పుడు విన్నది. చేయవలసిందంతా అయిపోయి, ఇక ఎదురుచూడడమే మిగిలింది. అప్పుడు లేచి, వార్డు ఆ చివరికి నడిచి, అక్కడి నుంచి ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టింది. కిటికీ రెక్కలు. సొరుగులు. దూది డబ్బా. పౌడరు డబ్బా. పేషెంట్ల టిఫిన్ క్యారియర్లు. నేను నోరు వెళ్లబెట్టి చూస్తున్నాను.

"ఏవమ్మాయ్, చేతులు కట్టుకుని నిలబడ్డావేవిటి? ఆ ఫ్లాస్కు మూత తియ్యి."

ఊళ్లో ఈ ఆచారం నాకు కొత్త కాదు. పురిటింట్లో మా అవ్వ కొప్పులు విప్పించేది, సందుగ తాళం తీయించేది. కానీ తెల్లచీర కట్టుకుని, చెవిలో స్టెతస్కోపు పెట్టుకునే మనిషి, ఆదివారం చర్చి తప్పని మనిషి ఇలా చేస్తుందనుకోలేదు. అడిగేశాను, నాకు నోరు ఎక్కువ.

"ఇవన్ని తెరిస్తే కాన్పయితదా సిస్టర్?"

"కాదు. డాక్టరమ్మగారు చేస్తే అవుద్ది. కానీ ఊరికే కూచుంటే మన చేతులు వణుకుతాయి, అది చూసి ఆ పిల్ల వణుకుద్ది. తియ్యి, తియ్యి." తర్వాత వేలు చూపించి, "ఆ ఉడకబెట్టిన సామాన్ల డ్రమ్ము జోలికి మాత్రం పోయావో, తోలు తీస్తాను" అంది.

అట్లా ఆ చివరి నుంచి ఒక్కొక్కటే తెరుచుకుంటూ మంచం దాకా వచ్చి, చివరికి తల్లి జడ తనే విప్పేది. బిడ్డ తల బయటపడగానే వంగి, ఏడుపు కూడా రాకముందే, నెమ్మదిగా ఒక మాట అడిగేది. "వచ్చావా?" ఎక్కడికో దారి తప్పి పోతుందనుకున్న మనిషిని గుమ్మంలో చూసినప్పుడు అడిగినట్టు ఉండేది ఆ గొంతు. అడిగాక ఆగేది. బిడ్డ ఏడ్చేదాకా ఆ గదిలో ఎవరూ ఊపిరి పీల్చేవాళ్లం కాదు.

కాన్పయ్యాక తెరిచినవన్నీ మూసేవాళ్లం. దానికి ఆమె దగ్గర ఒకటే చట్టం. తీసినవాళ్లే మూయాలి. నేను తీసిన డబ్బా ఇంకొకరు మూయకూడదు. ఒకసారి నాతో చదివే పిల్ల డ్యూటీ అయిపోయిందని బస్టాపుకు వెళ్లిపోతే, పౌడరు డబ్బా మూత మూయలేదని ఆయమ్మను పంపి వెనక్కి పిలిపించింది. ఆ పిల్ల దూలపల్లి బస్సు వదులుకుని వచ్చి, ఏడుపు మొహంతో మూత పెట్టి వెళ్లింది. మేమంతా దాన్ని చాలా రోజులు పౌడరు డబ్బా అనే పిలిచాం.

ఇక బీరువా సంగతి. వార్డు ఆ చివర గోడ వారగా బూడిదరంగు ఇనప బీరువా ఒకటి ఉండేది. దాని తలుపు ఎప్పుడూ జానెడు తెరిచే ఉండేది. లోపల అరలన్నీ ఖాళీ. మందు పెట్టరు, గుడ్డ పెట్టరు. అన్నీ తెరిచే మనిషి దాన్ని ముట్టుకునేది కాదు, ఎందుకంటే అది ఎలాగూ తెరిచే ఉంది. అన్నీ మూసేటప్పుడూ దాన్ని దాటి వెళ్లిపోయేది.

నాకు శుభ్రం పిచ్చి. ఒక మధ్యాహ్నం, తల్లులందరూ నిద్రలో ఉండగా, వెళ్లి దాని తలుపు మూశాను. పిడి కిందికి తిప్పి, గడియ పడిన చప్పుడు విన్నాను. వెనక్కి తిరిగి నాలుగు మంచాలు దాటానో లేదో, వెనకనుంచి ఇనుము కిర్రుమన్నది. చూస్తే జానెడు తెరిచి ఉంది. మళ్లీ వెళ్లి మూశాను. ఈసారి దూది మడిచి సందులో బిగించాను. కదలకుండా అక్కడే నిలబడ్డాను. పిడి దానంతటదే పైకి లేవలేదు, నేనలా చెప్పను. కన్ను ఆర్పి చూసేసరికి తలుపు జానెడు తెరిచి ఉంది, దూది నేల మీద ఉంది. లోపలినుంచి వాసన వచ్చింది. ఇనుప వాసన కాదు, నాఫ్తలీను కాదు. చెరువు గట్టు మీద తడి మట్టి వాసన. శామీర్‌పేట చెరువు పక్కన పెరిగినదాన్ని, ఆ వాసన నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

అప్పటిదాకా కేరుమంటున్న పసిపిల్లలు ఒక్కరూ ఏడవడం లేదని అప్పుడు గమనించాను. అందరి కళ్లూ తెరిచే ఉన్నాయి.

గుమ్మం దగ్గర చీపురుతో నిలబడి ఆయమ్మ నన్నే చూస్తోంది. "గా బీరువ జోలికి పోకు బిడ్డా. గది మూస్తె నిలవది."

"గడియ లూజున్నట్టుంది ఆయమ్మా. గాలికి తెరుసుకుంటుంది."

"గాలేడున్నదే? ఫ్యాను గూడ తిరుగుతలేదు."

నిజమే, కరెంటు లేదు. నేను నమ్మే మనిషిని కాదు, ఇప్పటికీ కాదు. కానీ ఆ రోజు నుంచి ఆ చివరి మంచాల దగ్గరికి వెళ్లాల్సి వస్తే కూనిరాగం తీసుకుంటూ వెళ్లేదాన్ని.

కొన్నాళ్లకు ఒక కాన్పులో ఎంతసేపటికీ బిడ్డ దిగలేదు. మేం డబ్బాలన్నీ తెరిచాం. డాక్టరమ్మ వచ్చి చూసి, మందు ఎక్కించి, ఇంకాసేపు చూసి ఆపరేషన్ చేద్దామని థియేటర్ సిద్ధం చేయించడానికి వెళ్లింది. సిస్టరమ్మ మంచం పక్కన తల వంచుకుని నిలబడి, "ఎక్కడో ఇంకా ఏదో మూసి ఉందమ్మాయ్" అంది. మళ్లీ వెతికాం. సబ్బు పెట్టెలు, మాత్రల సీసాలు, నా పెన్ను క్యాపుతో సహా తీసేశాం. నొప్పులు పడుతున్న పిల్ల అత్త మూలన గోడకు ఆనుకుని ఇదంతా చూస్తోంది.

"ఏందమ్మా, దవాఖానంత తెరిసిపెడ్తున్నరు? పిల్లులు జొర్రవా?" అంది. అంటూనే చెంగు గట్టిగా దగ్గరికి లాక్కుంది.

సిస్టరమ్మ చూపు ఆ చెంగు మీద పడింది. దాని కొసకు పసుపు గుడ్డ మూట ఒకటి బిగించి కట్టి ఉంది.

"అదేవిటమ్మా?"

"ముడుపు. ఎల్లమ్మకు మొక్కిన. కోడలు సల్లగ కంటె గుడికాడనే ఇప్పుత. గింత నడుమల ఇప్పేది లేదు."

సిస్టరమ్మ వాదించలేదు. వేరేవాళ్ల దేవుణ్ని ఆమె ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఆ ముసలామె పక్కన నేల మీద చతికిలబడి కూచుంది. గంజిచీర నలిగిపోతుందని కూడా చూడలేదు. "నేను విప్పమనను. అది మీకూ ఆ తల్లికీ సంగతి. కానీ మీరు ఎంత బిగించి కట్టారో మీ మొహం చూస్తే తెలుస్తోంది. మీ కోడలు మిమ్మల్నే చూస్తోంది పాపం. కాస్త మొహవన్నా వదులు చేసుకోండి" అంది.

ముసలామె కోడలి వంక చూసింది. నిజంగానే ఆ పిల్ల నొప్పుల మధ్య అత్త కళ్లనే చూస్తోంది. ముసలామె చెంగు కొస చేతిలోకి తీసుకుంది. "తల్లీ, తప్పైతె నన్నే సంపు" అని పైకి అనుకుని, పంటితో ముడి లాగింది. పసుపు కొమ్ము ఒకటి నేల మీద దొర్లింది. సరిగ్గా అప్పుడే వార్డు ఆ చివరనుంచి బీరువా తలుపు గోడకు కొట్టుకున్న చప్పుడు వచ్చింది. ఎప్పుడూ జానెడు తెరుచుకునే తలుపు పూర్తిగా తెరుచుకుంది. తల తిప్పి చూసింది నేనూ ఆయమ్మా మాత్రమే. సిస్టరమ్మ చూడలేదు, కానీ ఆమె మెడ బిగుసుకోవడం నేను చూశాను.

థియేటర్ అవసరం పడలేదు. "మందు పనిచేసింది" అంది డాక్టరమ్మ. "అవునండీ, మందే" అంది సిస్టరమ్మ మనస్ఫూర్తిగా. తర్వాత ముసలామెను చేయి పట్టి లేపి, పసుపు కొమ్ము ఏరి ఇచ్చి, "తీసినవాళ్లే మూయాలి. మళ్లీ కట్టుకోండి, గుడి దగ్గర విప్పుదురుగాని" అంది. ముసలామె ఏడుస్తూ, నవ్వుతూ కట్టుకుంది.

ఆ సాయంత్రం డ్యూటీ అయ్యాక నాయిన స్కూటర్ కోసం కిటికీ దగ్గర కూచున్నాను. జీడిమెట్ల వైపు నుంచి గాలి తిరిగితే మందుల కంపు వార్డులోకి వచ్చేది. ఆ కంపుకు అందరూ కిటికీలు వేస్తుంటే సిస్టరమ్మ వచ్చి నా పక్కన నిలబడింది.

"భయపడ్డావా ఇందాక?" అని అడిగింది.

"ఏంది సిస్టర్ గా బీరువ?"

లవంగం ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుని, మెల్లిగా చెప్పింది. "నువ్వు రాకముందు సంగతి. మీ శామీర్‌పేట చెరువు అవతలి ఊరి పిల్ల. తొలి కాన్పు. నొప్పులకి ఒక చోట నిలబడలేకపోతోంది. నొప్పికి ఏదో ఒక పని చెప్పాలమ్మాయ్, లేకపోతే అది మనకి పని చెబుద్ది. అందుకని, వెళ్లి ఆ బీరువా తలుపు తీసిరా అన్నాను. నడుం పట్టుకుని అంతదూరం వెళ్లి తీసింది. 'మల్ల మూసుడెప్పుడు సిస్టరమ్మా?' అంది. బిడ్డ పుట్టాక నువ్వే మూద్దువుగాని, నేనే పిలుస్తాగా అన్నాను. నవ్వింది. 'మర్సిపోవద్దు మల్ల' అంది."

ఆగింది. కిటికీ చువ్వ పట్టుకుని వార్డు ఆ చివరికి చూసింది.

"బిడ్డ బానే ఉంది, అమ్మమ్మ తీసుకెళ్లిపోయింది. ఆ పిల్లకి రక్తం ఆగలేదు. సిటీ నుంచి రక్తం వచ్చేసరికి అయిపోయింది. ఎవరి తప్పూ లేదు, అందరం పరిగెత్తాం. ఆ తర్వాత ఆ తలుపు ఎవరు మూసినా నిలబడలేదు."

"మీరు మూసి చూసిన్రా?"

"నేను మూయను. తీసింది నేను కాదు కదా." గొంతు తగ్గించింది. "నేనే పిలుస్తానన్నాను. పిలవలేదు. ఆ పిల్ల ఇంకా నా పిలుపు కోసం చూస్తోందేమో అనిపిస్తది. పిలుద్దామని ఎన్నోసార్లు ఆ చివరికి వెళ్లాను. నోరు పెగల్దు. పిలిస్తే వస్తదేమోనని భయం. రాదేమోనని అంతకన్నా భయం."

కింద నాయిన హారన్ కొట్టాడు. ఆ రోజు స్కూటర్ మీద చెరువు గట్టు పక్కనుంచి వెళ్తుంటే నాయిన చొక్కా గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాను. "ఏందే, సలి పెడ్తుందా?" అన్నాడు నాయిన. అవునన్నాను.

ఇంటర్న్‌షిప్ అయిపోయాక కూడా నేను ఆమెను వదల్లేదు. ఉద్యోగం దొరికినప్పుడు, పెళ్లప్పుడు, నా కాన్పప్పుడు ఆమె ఉంది. నా కాన్పులో టీ గ్లాసుతో వెచ్చబరుచుకున్న ఆ చేతులు నా పొట్ట మీద పడగానే, ఇక నాకేమీ కాదని నమ్మాను. చదువు చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు నాకు. చావుకూ పుట్టుకకూ మధ్య నిలబడి చేతులు వణకకుండా ఉండడం నేర్పింది ఆవిడ ఒక్కతే. ఇప్పుడు నా విద్యార్థులకు అదే చెబుతాను. డబ్బాలు తెరవమని చెప్పను గానీ, చేతులకు ఏదో ఒక పని పెట్టుకోండని చెబుతాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు ఆ ఆసుపత్రి కొత్త భవనంలోకి మారుతూ పాత సామాను పారేసింది. సిస్టరమ్మ అప్పటికి రిటైరైంది. వెళ్లి ఆ బీరువా అడిగి తెచ్చుకుంది. ట్రాలీ ఆటోలో తాళ్లతో కట్టి తెస్తుంటే దారి పొడుగునా తలుపు కొట్టుకుంటూనే ఉందట. పడకగదిలో మంచం కాళ్ల వైపు పెట్టించుకుంది. మేస్త్రీని పిలిచి నేల వాలుగా ఉందేమో చూడమంది. అతను రసమట్టం పెట్టి చూసి, ఏ వాలూ లేదమ్మా అన్నాడు. అయినా తలుపు జానెడు తెరిచే ఉండేది. కూతురు వచ్చినప్పుడల్లా విసుక్కునేది, "ఖాళీ బీరువా ఎందుకమ్మా, తుక్కుకి వేసేయ్" అని. తుప్పు పట్టిన గడియ బాగుచేయిస్తానులే అని తల్లి మాట దాటేసేది. అసలు సంగతి ఆ పిల్లకి ఎప్పుడూ చెప్పలేదు. నేను చూడడానికి వెళ్తే ఆ గదిలో అదే తడి మట్టి వాసన. ఆమెకు మాత్రం అలవాటైపోయినట్టుంది. ఒకసారి నేను వచ్చేస్తుంటే, "ఇంకా పిలవలేదమ్మాయ్" అంది, నేను ఏమీ అడక్కుండానే.

సమాధి కార్యక్రమం అయ్యాక కూతురు నన్ను ఇంటికి తీసుకెళ్లింది. చర్చి ఆడవాళ్లు ఇద్దరు గుమ్మంలో ఉన్నారు. పోలీసులు గట్రా అడుగుతారేమోనని తామెవరూ ఏదీ ముట్టుకోలేదని, ఆమెను మంచం మీంచి ఎత్తడం తప్ప ఏమీ చేయలేదని మళ్లీ మళ్లీ చెప్పారు.

వంటిల్లు మొదలుకుని చూశాను. పప్పుల డబ్బాలన్నీ వరసగా, పక్కపక్కనే మూతలు బోర్లించి ఉన్నాయి. ఊరగాయ జాడీ మీది గుడ్డ విప్పి, మడత పెట్టి ఉంది. కుట్టుమిషన్ సొరుగు సగం లాగి ఉంది. ట్రంకు పెట్టె మూత వెనక్కి వాల్చి, గోడకు తగలకుండా మధ్యలో దిండు పెట్టి ఉంది. భయపడ్డ మనిషి చేసిన పని కాదది. దూరం నుంచి దగ్గరికి, ఒక్కొక్కటే, తొందర లేకుండా చేసిన పని. ఎన్నిసార్లు ఆమె వెనకాలే నడిచానో, ఆ వరస నా కాళ్లకు తెలుసు.

"భయపడలేదే అమ్మ. డ్యూటీ చేసింది" అన్నాను కూతురితో.

"మరి 'వచ్చావా' అని ఎవరినక్కా?"

నేను పడకగదిలోకి నడిచాను. కిటికీ తీసి ఉంది. కళ్లజోడు పెట్టె తీసి ఉంది. మంచం మీద దుప్పటి ఆమె కూచున్న చోట తప్ప నలగలేదు. దిండు పక్కన ఆమె జడకు పెట్టుకునే పిన్నులు ఉన్నాయి. తన జుట్టు తనే విప్పుకుంది. గది ఎందుకో కొత్తగా అనిపించింది. ఏమిటో తెలియడానికి కాసేపు పట్టింది. తడి మట్టి వాసన లేదు.

మంచం కాళ్ల వైపు చూశాను. బీరువా తలుపు మూసి ఉంది.

జానెడు కాదు, వెంట్రుక సందు కూడా లేదు. పిడి నిలువుగా, కిందికి తిరిగి ఉంది. దూది లేదు, కాగితం మడత లేదు, ఏమీ లేదు. దగ్గరికి వెళ్లి చెవి పెట్టాను. నిశ్శబ్దం.

కూతురు కూడా అప్పుడే చూసింది. "అదేంటి, ఇది ఎప్పుడూ నిలబడదే!" అని చెయ్యి చాపింది. ఆ చెయ్యి పట్టుకున్నాను.

"వద్దు."

ఆ మంచం మీదే కూచోబెట్టి, కిటికీ దగ్గర సిస్టరమ్మ నాకు చెప్పిన సంగతంతా చెప్పాను. చెరువు అవతలి పిల్ల, నవ్వుతూ అడిగిన మాట, ఇవ్వలేకపోయిన పిలుపు. చెబుతుంటే నా చేతులు వణికాయి. మా సిస్టరమ్మ చూస్తే ఊరుకునేది కాదు, ఏదో ఒక పని చెప్పేది. కూతురు బీరువానే చూస్తూ కూచుంది. భయంగానే చూసింది, కానీ పొద్దున్నుంచీ ఆ మొహంలో ఉన్న బరువు మాత్రం దిగిపోయింది.

"పిలిచిందన్నమాట" అంది.

"పిలిచింది."

"అయితే అమ్మ ఒక్కతే లేదు."

ఇంట్లో మిగతావి వేటినీ మేం మూయలేదు. తీసింది మేం కాదు. డబ్బాలు, జాడీ, ట్రంకు పెట్టె, కిటికీలు, వీధి తలుపు, అన్నీ అలాగే ఉంచి, ఇద్దరం గుమ్మంలో మెట్ల మీద కూచున్నాం. హైవే మీద లారీల చప్పుడు. పొద్దు వాలేకొద్దీ ఎండ ఇల్లంతా దాటుకుంటూ లోపలికి పాకి, తెరిచిన ప్రతి డబ్బాలోకీ కాస్త తొంగిచూసి, పడకగది దాకా వెళ్లింది. ఆ సాయంత్రం ఆ ఇంట్లో మూసి ఉన్నది ఆ బీరువా ఒక్కటే.